మంగళవారం వచ్చిన మనిషి

ఫోన్ పెట్టేసినా ఆ గొంతు ఇంకా వంటింట్లోనే తిరుగుతున్నట్టుంది.

"మంగళవారం మీ ఇంటికొచ్చాడని మీరు చెప్పిన మనిషి మా మనిషి కాదు. మా తరఫున మీ ఊరికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఈ మధ్యాహ్నం నేనే వస్తున్నాను. అందాకా ఎవరితోనూ మాట్లాడకండి."

అంతే అంది ప్రభుత్వ విచారణాధికారి బ్రెన్నర్ గారు. మర్యాదగా, ఒక్క మాట ఎక్కువ కాకుండా.

బల్ల చుట్టూ ముగ్గురాడవాళ్ళు. బల్ల మీద పొద్దున్నే కాల్చిన పచ్చిమిరపకాయల కుప్ప. తొక్క తీస్తున్న చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ముందు తేరుకుంది అమ్మమ్మే.

"వాళ్ళ మనిషి కాకపోతే, మరి నా మాంసం కూర మారు వడ్డించుకుని మరీ తిన్నదెవరే?"

ఇంకో రోజైతే ఎలోయిసా పగలబడి నవ్వేది.

"అమ్మమ్మా, వాడు నీకు బ్యాడ్జీ చూపించాడా?"

"చూపించాడు."

"చదివావా?"

"బ్యాడ్జీని ఎవరైనా చదువుతారటే? జేబులోంచి తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మీ తాత ఉన్నప్పట్నించీ చూస్తున్నా, అందరూ చేసేది అదే."

అదీ నిజమే. ఈ ఎల్ సౌసాల్ పల్లెలో ఎవరికైనా కొండ మీది అణు ప్రయోగశాలలో పని దొరికిందంటే ముందు ఊళ్ళో బ్యాడ్జీ మనిషి దిగుతాడు. ఇల్లిల్లూ తిరుగుతాడు. ఫలానా అతను తాగుతాడా, పేకాడతాడా, పరాయి దేశంలో చుట్టాలున్నారా అని అడుగుతాడు. జనం కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఉన్నదున్నట్టు చెబుతారు. బ్యాడ్జీ మనిషి దగ్గర అబద్ధమాడితే పక్కింటివాడి నోటి దగ్గర కూడు లాగేసినట్టే. మూడు తరాలుగా ఇదే మర్యాద. వచ్చినవాడు నిజంగా ప్రభుత్వం మనిషేనా అని అడిగే అలవాటు ఎవరికీ లేదు. పెళ్ళి జరిపించడానికొచ్చిన ఫాదర్‌ని పట్టుకుని నువ్వు ఫాదరువేనా అని అడుగుతామా?

ఈసారి విచారణ ఎలోయిసా గురించి. అణుపదార్థం దొంగల చేతిలోనో, పరాయి సైన్యాల చేతిలోనో పడకుండా కాపలా కాసే శాఖలో, ఆ కొండ మీదే, ఏడాది ఫెలోషిప్. పై చదువు ఉండాలన్నారు, ఉంది. ఈ దేశపు పౌరురాలై ఉండాలన్నారు, ఈ ఇంటి పడగ్గదిలోనే పుట్టింది. మత్తుమందుల పరీక్ష అన్నారు, నెగ్గింది. ఇక మిగిలింది ఒక్కటే. నమ్మదగిన మనిషి అని ప్రభుత్వం తేల్చాలి. అది తేలకపోతే మిగతా అర్హతలన్నీ గంగలో కలిసినట్టే.

ఆ తేల్చే పని ఇంకా మొదలే కాలేదని ఇప్పుడు తెలిసింది. మొదలుపెట్టాల్సినవాళ్ళు రాకముందే ఇంకెవడో వచ్చి ముగించుకుపోయాడు.

"ఏమడిగాడు అమ్మమ్మా?"

"ఏమేమో అడిగాడు."

"ఏమేమో అంటే?"

"ఆ మాటలన్నీ ఇప్పుడెందుకు?" వియోలా గబుక్కున అడ్డొచ్చింది. ఫోన్ వచ్చిన దగ్గర్నించీ ఎలోయిసా తల్లి నోరు విప్పడం అదే మొదలు. "ఆవిడొస్తుందిగా, ఆవిడే అడుగుతుంది. అమ్మా, నువ్వు మిరపకాయలు చూడు."

"చూస్తూనే ఉన్నాను. నన్నెందుకు కసురుతావ్? నేను చేసిన తప్పేమిటట?"

"నేను తప్పన్నానా?"

"నీ మొహం అంటోంది."

వియోలా మొహం తిప్పుకుంది. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా వెళ్ళి పొయ్యి ముందు నిలబడింది.

ఎలోయిసా చేతులు కడుక్కుని పెరటి తలుపు తీసింది. ఎవరితోనూ మాట్లాడొద్దన్న సంగతి గుర్తుంది. గుర్తుండే వెళ్ళింది.

* * *

పక్కింటి క్లెయోఫాస్ తాత పంట కాలవకి పెద్ద. ఎవరి చేనుకి ఎప్పుడు నీళ్ళు వదలాలో ఆయనే చెబుతాడు కాబట్టి ఊళ్ళో ఆయనకి తెలియని గొడవ లేదు. గట్టు మీద పార ఆనించి నిలబడి ఉన్నాడు. ఎలోయిసాని చూడగానే మొహం చేటంత చేసుకున్నాడు.

"రావే, పెద్ద ఆఫీసరమ్మా! నీ గురించి ఎంత గొప్పగా చెప్పాననుకున్నావ్! చిన్నప్పుడు నా ఆప్రికాట్ చెట్టు కొమ్మ విరగ్గొట్టడం తప్ప ఈ పిల్ల ఇంకే నేరమూ ఎరగదన్నాను."

"మీ ఇంటిక్కూడా వచ్చాడా తాతా?"

"రాకేం! నా దగ్గరికి రాకుండా ఈ ఊళ్ళో విచారణ అవుతుందీ? ఎంత మంచివాడనుకున్నావ్. చెప్పింది చెప్పినట్టు విన్నాడు. ఒక్క ముక్క కాగితం మీద పెట్టలేదు. అంత జ్ఞాపకశక్తి!"

ఎలోయిసా వీపు మీద ఎవరో చన్నీళ్ళు చల్లినట్టయింది.

"ఎలా ఉంటాడు తాతా మనిషి?"

"ఎలా ఉండటమేమిటి? మామూలుగానే ఉన్నాడు."

"పొడుగా?"

"పొడుగు..." తాత పార మీద చెయ్యి సర్దుకున్నాడు. "మరీ పొడుగు కాదనుకుంటా."

"మీసం ఉందా?"

తాత ఆలోచించాడు. ఆలోచిస్తూనే ఉన్నాడు. చివరికి ఇంటివైపు తిరిగి కేకేశాడు. "ఓ రొసౌరా! ఆ మంగళవారం అబ్బాయికి మీసం ఉందటే?"

"అబ్బాయేమిటి, నీ ఈడువాడైతేనూ!" కిటికీలోంచి భార్య జవాబు. "టోపీ పెట్టుకున్నాడు."

"టోపీ ఎక్కడుందే? బోడితల!"

"నీది బోడితల. ఆయనకి నల్లజుట్టు."

"టోపీ ఉందంటివి, జుట్టెలా కనబడిందే నీకు?"

తాత మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది.

"ఎప్పుడూ వచ్చేవాళ్ళలాగే ఉన్నాడమ్మా," అన్నాడు తాత. గొంతు తగ్గింది. "ఇన్నేళ్ళలో ఎంతమంది రాలేదు? వాళ్ళ మొహాలు ఎవరు చూస్తారు? నువ్వడిగితే ఇప్పుడు తలుచుకుంటున్నాను. చెయ్యి గుర్తుంది. చొక్కా గుర్తుంది. మొహం ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు."

"చొక్కా ఏ రంగు?" అంది కిటికీలోంచి రొసౌరా.

"నా గురించి ఏమడిగాడు తాతా?"

"నీ గురించి నేనే చెప్పానమ్మా. ఆయన ఎక్కువగా మీ నాన్న గురించి అడిగాడు. పాపం రమీరో, వరదలో పోయాడన్నాను. కావాలంటే చూసుకోండని మలుపు దగ్గర సిలువ కూడా చూపించాను. దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు." తాత పారని మట్టిలోంచి లాగాడు. "నవ్వాడు కూడా. ఏడుపు ఆపుకోవడానికేమో అనుకున్నాను."

* * *

వంటింట్లో మిరపకాయల ఘాటు అలాగే ఉంది. అమ్మమ్మ మళ్ళీ తొక్క తీస్తోంది. వియోలా కత్తితో గింజలు గీస్తోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదని వాళ్ళ మోచేతులే చెబుతున్నాయి.

"నేను పాలు తాగేటప్పుడే పోయిన మా నాన్న గురించి వాడికెందుకమ్మమ్మా?"

కత్తి ఆగింది.

"వాడు అడగలేదే," అంది అమ్మమ్మ. "వాడే చెప్పాడు."

"అమ్మా!" అంది వియోలా.

"ఏం, ఇప్పుడు కూడా నోరు కట్టుకోవాలా నేను? వచ్చేది అసలు ప్రభుత్వం. అందాకా ఆగితే ఈ పిల్ల ఆవిడ ముందు తెల్లమొహం వేసుకుని కూచోవాలి."

"ఏం చెప్పాడు అమ్మమ్మా?"

అమ్మమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కంటిలో పొర పెరిగాక ఆవిడ మనిషి వైపు కాకుండా గొంతు వైపు చూస్తుంది.

"'పెద్దమ్మా, మీ అల్లుడు బతికే ఉన్నాడని మాకు తెలుసు. ఆరోగ్యం ఎలా ఉందో చెప్పండి చాలు' అన్నాడు. తెలిసినవాడి దగ్గర ఇంక దాచేదేముంది? మోకాలి నొప్పిట, మిగతా అంతా బాగానే ఉన్నాడన్నాను."

బయట ఎక్కడో మిరపకాయలు కాల్చే డ్రమ్ము గరగరా తిరుగుతోంది.

"ఎవరికి మోకాలి నొప్పి?" అంది ఎలోయిసా.

నిజంగానే ఆమెకి ముందు ఆ ప్రశ్నే తోచింది.

"మీ నాన్నకే. మెక్సికోలో, చివావాలో. నా పేరుగల పునీతురాలి పండగ రోజున ఏటా ఫోన్ చేస్తాడు. ఈ ఏడు చెయ్యలేదు." అమ్మమ్మ మిరపకాయ ఒకటి తీసుకుని చటుక్కున తొక్క లాగింది. "సిలువ వద్దని ఆ రోజే మొత్తుకున్నాను. బతికున్నవాడికి దారి పక్కన సిలువ పాతితే అది ఊరికే ఉండదు, ఎవరో ఒకరిని పిలుచుకుంటుందన్నాను. ముసలిదాని మాట ఎవడు విన్నాడు?"

ఎలోయిసా తల్లి వైపు చూసింది. తల్లి ఎప్రన్ విప్పి కుర్చీ మీద పడేసింది.

"బండెక్కు," అంది వియోలా.

* * *

రోడ్డు నది వైపు వంగే చోట, బండరాళ్ళ మధ్య ఉందా సిలువ. మనిషి ప్రాణం ఎక్కడ పోతే అక్కడ ఓ సిలువ పాతి, రాళ్ళు పేర్చి, పూలు పెట్టడం ఆ చుట్టుపక్కల అందరూ చేసేదే. ఈ సిలువకి ఏటేటా తెల్లరంగు వేసింది ఎలోయిసాయే. అక్షరాలు దిద్దడం నేర్చుకుంది కూడా దాని మీది పేరు మీదనే.

మిట్టమధ్యాహ్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. అయినా బండి దిగగానే ఎలోయిసాకి చలేసింది.

"మామయ్యకి కొండ మీద తాళాల పని దొరికిన ఏడు," అంది వియోలా. బండి దిగలేదు. స్టీరింగ్ పట్టుకునే మాట్లాడుతోంది. "మీ నాన్నకి ఈ దేశంలో ఉండటానికి కాగితాలేమీ లేవు. అందరం ఒకే ఇంట్లో ఉన్నాం. అలాంటివాణ్ణి ఇంట్లో పెట్టుకున్నావని తెలిస్తే పని ఇవ్వరని మామయ్యతో ఎవరో అన్నారు. నిజమో అబద్ధమో కనుక్కునే ధైర్యం మాకు లేదు."

"పంపించేశారు."

"తనే వెళ్తానన్నాడు. ఏడాదిలో వస్తానన్నాడు. మామయ్యే సరిహద్దు దాకా దింపొచ్చాడు."

"మరి సిలువ?"

వియోలా అద్దంలోంచి సిలువ వైపు చూసింది.

"ఊళ్ళోవాళ్ళు బ్యాడ్జీ మనిషితో అబద్ధమాడరే," అంది. "చంపినా ఆడరు. రమీరో ఎక్కడని అడిగితే మెక్సికో వెళ్ళాడనే చెబుతారు. అందుకని వాళ్ళకే నిజం మార్చాల్సొచ్చింది. ఆ వసంతంలో నది పొంగింది. బండి కొట్టుకుపోయింది, శవం దొరకలేదన్నాం. ఊరంతా వచ్చి ఏడ్చారు. కాగితాల్లో లేని మనిషి పోయాడంటే పోలేదనేవాళ్ళెవరు? తర్వాత బ్యాడ్జీ మనిషొచ్చాడు. అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని నిజం చెప్పారు."

గాలికి ప్లాస్టిక్ పూలు గలగలమన్నాయి.

ఎలోయిసా ఆ రాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూచుని చెప్పుకున్న కబుర్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. బడిలో మొదటి బహుమతి. మొదటిసారి మనసు విరిగిన రోజు. ఫెలోషిప్‌కి ఎంపికయ్యానని తెలియగానే అమ్మ కంటే ముందు ఇక్కడికే పరుగెత్తుకొచ్చింది. అప్పుడు ఎవరో వింటున్నట్టే అనిపించేది. అదే ఇప్పుడు ఒళ్ళు జలదరించేలా చేస్తోంది.

"ఇన్నేళ్ళూ నేను ఎవరితో మాట్లాడానమ్మా ఇక్కడ?"

వియోలా తలుపు తీసుకుని దిగింది. కూతురి దగ్గరికి రెండడుగులు వేసి, మూడోది వెయ్యలేక ఆగిపోయింది.

"నన్ను తిట్టు. కొట్టు. కానీ ఆవిడతో మాత్రం చెప్పకే తల్లీ. మామయ్యని జైల్లో పెడతారు."

* * *

ఇంటికొచ్చేసరికి వాకిట్లో మామయ్య ట్రక్కు ఉంది. ఓనోఫ్రే పని బట్టల్లోనే, మెళ్ళో కొండ మీది బ్యాడ్జీతోనే వంటింట్లో పచార్లు చేస్తున్నాడు. అమ్మమ్మ ఫోన్ చేసి చెప్పినట్టుంది. తండ్రి లేని పిల్లకి తండ్రయి పెంచిన మనిషి. సైకిల్ నేర్పిందీ ఆయనే, లెక్కలు నేర్పిందీ ఆయనే. కొండ మీద పని చెయ్యాలన్న కోరిక ఎలోయిసాలో పుట్టింది ఆయన మెళ్ళో ఆ బ్యాడ్జీ చూసే.

"కూర్చో," అన్నాడు.

"నిలబడే వింటాను మామయ్యా."

"సరే, నిలబడు. మీ నాన్న చనిపోయాడని నువ్వు దరఖాస్తులో రాసినప్పుడు నీకు నిజం తెలియదు. అంటే నువ్వు అబద్ధమాడలేదు. అక్కడితో ఆగు."

"ఇప్పుడు తెలుసుగా?"

"ఏం తెలుసు? కళ్ళు కనబడని ముసలిది ఏదో అంది."

"ఒరేయ్ ఓనో," అంది అమ్మమ్మ, "కళ్ళు కనబడవు కానీ చేతికి అందుతావు. చూసుకో మరి."

"నువ్వాగమ్మా! నీ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టే ఇక్కడిదాకా వచ్చింది."

"పాతికేళ్ళు నానబెట్టాను కదరా! ఇంకెంత నానాలి?"

"అన్నయ్యా, అరవకు," అంది వియోలా. "కాలవ గట్టు దాకా వినబడుతుంది."

ఓనోఫ్రే గొంతు తగ్గించాడు. "చెబితే నా పని పోతుంది. పరువు పోతుంది. ఇంకేం పోతుందో ఆ దేవుడికి తెలియాలి. నీ ఫెలోషిప్ కూడా పోతుంది. చెప్పకపోతే ఏదీ పోదు. లెక్క ఇంత తేలిగ్గా ఉంటే నీకెందుకర్థం కాదు?"

"తండ్రి పరాయి దేశంలో ఉన్నాడని నన్ను వద్దనరు మామయ్యా. దాచానని వద్దంటారు. ఆమాత్రం దానికి మనం ఓ మనిషిని చంపుకున్నాం."

"అప్పుడు మాకిదంతా చెప్పేవాళ్ళు లేరు."

"సరే. ఇప్పుడు నేను చెబుతున్నాను." ఎలోయిసా మామయ్యకి ఎదురుగా వచ్చి నిలబడింది. "నేను చదివిన చదువంతా ఇదే మామయ్యా. ఎవరూ తాళాలు పగలగొట్టరు. తాళం దగ్గరుండే మనిషిని చూసుకుంటారు. అతను ఎప్పుడో, ఎక్కడో ఆడిన అబద్ధం ఒకటి వెతుకుతారు. దాన్ని పట్టుకుని మెల్లగా లాగుతారు. మంగళవారం వచ్చినవాడికి మన అబద్ధం తెలుసు. రేపు నేను కొండ మీద కూచున్నాక వాడొచ్చి, మీ నాన్న ఆరోగ్యం ఎలా ఉందమ్మా అంటే నేనేం చెయ్యాలి? ఇప్పుడు నోరు మూసుకుంటే ఇక జీవితాంతం వాడు తెరవమన్నప్పుడే తెరవాలి."

ఓనోఫ్రే కుళాయి దగ్గరికి వెళ్ళి గ్లాసు నింపుకున్నాడు. తాగకుండా అలాగే పట్టుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

"కారొస్తోంది," అన్నాడు.

* * *

బ్రెన్నర్ గారు పొట్టిగా, బొద్దుగా, చెమటలు కక్కుతూ వచ్చింది. ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ. మొహం ఉన్న మనిషిని చూసి ఎలోయిసాకి ఎందుకో ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ బ్యాడ్జీ తీసి మళ్ళీ లోపల పెట్టుకోబోయింది.

"ఆగమ్మాయ్," అంది అమ్మమ్మ. చెయ్యి చాపి బ్యాడ్జీ లాక్కుని, కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుంది. తర్వాత ఆ చేత్తోనే బ్రెన్నర్ గారి గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి తిప్పింది. "ఊఁ. ఫొటోలో కాస్త సన్నగా ఉన్నావ్. కూర్చో."

"అందరూ మీలా చూస్తే మాకింత పని ఉండదు," అంది బ్రెన్నర్ గారు. నవ్వింది కానీ, కూర్చోగానే నవ్వు తీసేసింది. "ఎలోయిసాతో ఒంటరిగా మాట్లాడాలి."

"ఇక్కడే చెబుతాను," అంది ఎలోయిసా. "అందరి ముందూ."

"ఎలోయిసా," అన్నాడు మామయ్య. పిలిచినట్టు లేదు. బతిమాలినట్టుంది.

ఆమె ఆయన వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు.

"నా దరఖాస్తులో ఒక తప్పుంది. మా నాన్న చనిపోయాడని రాశాను. ఆయన బతికే ఉన్నాడు, చివావాలో. నాకు ఈ రోజే తెలిసింది."

చెప్పేసింది. ఇల్లు కూలలేదు. సిలువ గురించీ, వరద గురించీ, ఊరు ఏడ్చిన ఏడుపు గురించీ ఒకదాని వెనక ఒకటి చెప్పుకుపోయింది. మామయ్య పేరు వచ్చిన చోట మాత్రం ఆగింది. అప్పుడు వియోలా అందుకుంది. కూతురి చెయ్యి పట్టుకుని మిగతాది తనే చెప్పింది.

బ్రెన్నర్ గారు మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అంతా అయ్యాక కలం మూసేసింది.

"నా ఫెలోషిప్..." అంది ఎలోయిసా.

"ఇంకా పోలేదు. మీరు ఈ రోజు చెప్పారు, అది మీ పక్షాన ఉంటుంది. చాలదని పైవాళ్ళు అనొచ్చు కూడా. నేను మాటివ్వలేను." ఆవిడ అమ్మమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మగారూ, బాగా ఆలోచించి చెప్పండి. ఆ మనిషి ఎలోయిసా గురించి ఏమేం అడిగాడు?"

"అడిగాడు. దాని..." అమ్మమ్మ ఆగింది. నుదుటి మీద ముడతలు పడ్డాయి. "లేదు. అడగలేదు. చదువు గురించి నేనే చెప్పబోతే మాట తప్పించాడు."

"మరి ఎవరి గురించి అడిగాడు?"

"అల్లుడి సంగతి అయ్యాక ఇంక అంతా మా ఓనో గురించే. ఎన్నింటికి పనికెళ్తాడు, ఏ తలుపుల తాళాలు చూస్తాడు, బ్యాడ్జీ ఇంట్లో ఎక్కడ పెడతాడు, ఇంకెన్నేళ్ళు చేస్తాడు..."

ఆవిడ గొంతు సన్నగిల్లుతూ పోయి ఆగిపోయింది.

ఎలోయిసా అప్పుడు తల తిప్పింది. మామయ్య చేతిలో గ్లాసు అలాగే ఉంది. ఆయన మొహంలో భయం లేదు. ఆశ్చర్యమూ లేదు. ఆశ్చర్యం లేకపోవడమే ఆమెని నిలువునా గడ్డకట్టించింది.

"మామయ్యా... వాడు నీకు తెలుసా?"

"ముందు నా దగ్గరికే వచ్చాడు," అన్నాడు ఓనోఫ్రే. "నీ బావ బతికే ఉన్నాడు కదా అన్నాడు. వాడు పోయి పాతికేళ్ళయింది, కావాలంటే ఊళ్ళోకెళ్ళి ఎవరినైనా అడుక్కో అన్నాను. నేనే పంపాను. మా ఊరిమీద నాకంత నమ్మకం."

"ఊరు మీరన్నట్టే చెప్పింది," అంది బ్రెన్నర్ గారు మెల్లగా. "మీ అమ్మగారు చెప్పలేదు. ఆ తర్వాత మళ్ళీ మీ దగ్గరికొచ్చాడా?"

"వచ్చాడు."

"మీ దగ్గర ఏదో కావాలన్నాడు."

ఓనోఫ్రే గ్లాసు బల్ల మీద పెట్టాడు. మెళ్ళోంచి బ్యాడ్జీ తీసి గ్లాసు పక్కన పెట్టాడు. మేనకోడలి వైపు మాత్రం చూడలేదు.

"ఏం కావాలన్నాడో అడగండి, చెబుతాను," అన్నాడు. "ఇచ్చానా లేదా అన్నది మాత్రం ఈ పిల్ల ముందు అడక్కండి."